కొవ్వుకు విరుగుడు: పంది కూర మాటలకు వ్యాఖ్యానం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబయి రహదారికి అటూ ఇటూ ఎన్నో రాష్ట్రాల వంటిళ్లున్నాయి. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు ఒడిశా, ఝార్ఖండ్, బిహార్, బెంగాల్, అస్సాంల నుంచి పనివాళ్లు వచ్చారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్‌కు కేరళ, తమిళనాడు కుటుంబాలు వచ్చాయి. 1972లో పెట్టిన ఇక్రిశాట్‌కు నానా దేశాల శాస్త్రవేత్తలు, 2008లో మొదలైన ఐఐటీకి దేశం నలుమూలల విద్యార్థులు వచ్చారు. వీళ్లలో పంది మాంసం తినేవాళ్లున్నారు. అందరూ అనే మాట ఒకటే, ‘పోర్క్’. వండేది మాత్రం ఎవరి కూర వాళ్లది. ఒకరికి అది పొగబెట్టిన ముక్క, ఇంకొకరికి ఆవనూనెలో వేగిన ముక్క, మరొకరికి కొబ్బరి పలుకులతో వేయించింది.

ఈ తేడా అంతా మసాలాలదే అనుకుంటారు. నా లెక్కలో మసాలా రెండో మాట. పంది మాంసానికి మొదటి మాట కొవ్వు. ప్రతి ప్రాంతమూ ఆ కొవ్వుకొక విరుగుడు కనిపెట్టింది. విరుగుడంటే కొవ్వును పోగొట్టేది కాదు, దాని జిడ్డు మొహం మొత్తకుండా చేసేది. ఈ సంగతి పట్టుబడితే ఏ దేశపు పంది కూరైనా అర్థమవుతుంది. అందుకే ఒక్కో మాటే తీసుకుని చెబుతాను.

పంది. మన వాడుకలో మూడు రకాలు. ఊరపంది అంటే ఊళ్లో తిరిగి పెరిగే నల్లది, చిన్నది, నెమ్మదిగా ఎదిగేది. సీమపంది అంటే ఫారంలో దాణా తిని పెరిగే తెల్లది. ఇంగ్లండు నుంచి వచ్చిన లార్జ్ వైట్ యార్క్‌షైర్, దాని సంకరాలు ఈ కోవలోవి. ఇక్కడ సీమ అంటే సీమచింతలో ఉన్న సీమే, అనగా పరదేశం. మూడోది అడవిపంది. దీనికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పంటలు పాడుచేసే వాటిని కాల్చడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చిన సందర్భాలున్నా, ఆ అనుమతి మాంసం అమ్ముకోవడానికి కాదు. కాబట్టి ‘అడవిపంది కూర’ అని ఎవరైనా బేరానికి తెస్తే కొనకూడదు. ముళ్లపందిని, పందికొక్కును కూడా కొందరు ఈ జాబితాలో కలిపేస్తారు. ఆ రెండూ ఎలుక జాతివి, పందికి చుట్టాలు కావు.

వంటకు వచ్చేసరికి ఏ పంది అన్నదానికన్నా ఏం తిని పెరిగింది, ఎక్కడ కోశారు అన్నది ముఖ్యం. మురుగు కాలువల పక్కన తిరిగిన జంతువును ఎంత బాగా వండినా నేను మెచ్చను. ఫారం పేరు, లైసెన్సు అడిగి కొనడం తినేవాడి హక్కు.

ఎర్ర మాంసం. పంది మాంసం లేత గులాబీ రంగులో ఉంటుంది కనుక కోడిలాగా తెల్ల మాంసమేనని చాలామంది నమ్ముతారు. 1987లో అమెరికా పంది రైతుల ప్రచారం దీన్ని ‘మరో తెల్ల మాంసం’ అంది. అది వ్యాపార ప్రకటన. మాంసానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే ప్రొటీను. అది పందిలో కోడి కన్నా ఎక్కువ, గొడ్డు మాంసం కన్నా తక్కువ. పోషకాహార లెక్కలో పంది ఎర్ర మాంసమే. డాక్టరు ఎర్ర మాంసం తగ్గించమంటే ఇదీ అందులోకే వస్తుంది.

ముక్క. జబ్బ, వీపు, డొక్క, తొడ, గిట్టలు. అంటే భుజం, నడుము వెంబడి మాంసం, పొట్ట భాగం, వెనక కాలు, పాదాలు. జబ్బలోనూ గిట్టల్లోనూ బంధన కణజాలం ఎక్కువ. అనగా కొలాజెన్. అది నీళ్లలో గంటల తరబడి ఉడికితే జెలటిన్‌గా మారి పులుసు చిక్కబడుతుంది, ముక్క మెత్తబడుతుంది. వీపు మెత్తలో ఆ కొలాజెన్ తక్కువ. దాన్ని గంటన్నర ఉడికిస్తే పీచుపీచుగా ఎండిపోతుంది. ‘పోర్క్ గట్టిగా వచ్చింది, ఇంకాసేపు ఉడికించాల్సింది’ అనే మాట జబ్బ విషయంలో నిజం, వీపు మెత్త విషయంలో అబద్ధం. ఏ ముక్క తెచ్చావని అడగకుండా ఎంతసేపు ఉడికించాలో ఎవరూ చెప్పలేరు.

కొవ్వు. పందిలో కొవ్వు ఒక్కటి కాదు. వీపు మీద తోలు కింద గట్టి పొర ఒకటి. డొక్కలో మాంసంతో పొరలు పొరలుగా కలిసింది ఇంకొకటి. కడుపు లోపల మూత్రపిండాల చుట్టూ ఉండే తెల్లటి మెత్తటిది మూడోది. వీపు కొవ్వు సుమారు 30 నుంచి 40 డిగ్రీల మధ్య కరుగుతుంది. లోపలి కొవ్వుకు ఇంకొంచెం వేడి కావాలి. పొట్టేలు కొవ్వు సుమారు 44 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మన ఒంటి వేడి 37. అంటే చల్లారిన మటన్ కూరలో కొవ్వు అంగిలికి అతుక్కుంటుంది, పంది కొవ్వు నోట్లోనే కరిగిపోతుంది. పంది మాంసం తినేవాళ్లు ‘వెన్నలా ఉంది’ అనేది ఊరికే కాదు. ఈ సుగుణానికి మరో ముఖమూ ఉంది. పంది కొవ్వులో అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ కాబట్టి అది పొట్టేలు కొవ్వు కన్నా త్వరగా పాత నూనె కంపు కొడుతుంది. దాచుకునే పద్ధతులన్నీ, అంటే ఉప్పూ పొగా సిర్కా (వెనిగర్) అన్నీ, ఈ ఇబ్బందితో పడిన పోరాటమే.

కొవ్వు దింపడం. ఈ పని చాలామంది తప్పుగా చేస్తారు కనుక నిదానంగా చెబుతాను. పంది కూరకు విడిగా నూనె పోయనక్కర్లేదు. కొవ్వున్న ముక్కలు చిన్నగా కోసి మందపాటి గిన్నెలో వేసి, అరగ్లాసు నీళ్లు పోసి, సన్నటి సెగ మీద పెట్టాలి. నీళ్లెందుకు? నీళ్లున్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. కొవ్వు మాడకుండా కరిగి బయటికొస్తుంది. అప్పటిదాకా గిన్నెలో గుడగుడమనే చప్పుడు. నీళ్లు ఇగిరిపోగానే అది చిటపటగా మారుతుంది. అక్కడి నుంచి వేడి గబగబా పెరిగి ముక్క అంచులు ఎర్రబడతాయి. గుడగుడ చిటపటగా మారిన క్షణంలో ఉల్లిగడ్డలు వేయాలి. ముందు వేస్తే ఉల్లిగడ్డ ఉడుకుతుంది గానీ వేగదు. ఆలస్యమైతే కొవ్వు మాడి చేదెక్కుతుంది. ఉల్లిగడ్డ రంగు మారాక అల్లం, ఎల్లిగడ్డ, పసుపు, కారం, ధనియాల పొడి, ఆపైన ఎసరు. మెక్సికో వాళ్ల ‘కార్నీతాస్’ కూడా ఈ తోవలోదే. అక్కడ జబ్బ ముక్కల్ని కరిగిన పంది కొవ్వులోనే మగ్గనిచ్చి, చివర్లో ఎర్రగా చేస్తారు.

తోలు. మేకకు తోలు తీస్తాం. పందికి చాలా చోట్ల తోలు ఉంచి వెంట్రుకలు మాత్రం కాల్చి గీకుతారు. తోలంతా కొలాజెన్. ఉడికిస్తే జిగురు, పొడి వేడిలో కాల్చితే కరకర. ఈశాన్యం వాళ్లు తోలు లేని ముక్క ఇస్తే మొహం చిట్లిస్తారు. తోలు ఇష్టం లేనివాళ్లు దుకాణంలోనే చెప్పి తీయించుకోవచ్చు.

వాసన. ‘పంది మాంసం కంపు’ అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి శుభ్రం లేకపోవడం. అది కడగడంతో, మంచి దుకాణంతో పోతుంది. రెండోది కడిగినా పోదు. విత్తులు కొట్టకుండా పెంచిన మగపంది కొవ్వులో ఆండ్రోస్టెనోన్, స్కాటోల్ అనే పదార్థాలు పేరుకుంటాయి. వేడి తగలగానే అవి మూత్రం, మలం లాంటి వాసన వేస్తాయి. ఎంత అల్లం వేసినా, ఎన్ని లవంగాలు దంచినా అది లొంగదు. చిన్న వయసులోనే విత్తులు కొట్టిన పందిని, లేదా ఆడపందిని ఎంచుకోవడమే మందు. ఇంకో విశేషం ఏమిటంటే, ఆండ్రోస్టెనోన్ వాసన కొందరికి పుట్టుకతోనే తెలియదు. అందుకే ఒకే గిన్నెలోని కూర ఒకరికి కమ్మగా, పక్కవాడికి కంపుగా ఉండవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఉడుకు. ఇక్కడ భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. పూర్తి సత్యం చెప్పుకోవాలి.

పంది మాంసం తింటే పురుగు మెదడుకు ఎక్కి ఫిట్స్ వస్తాయంటారు. ఆ పురుగు టీనియా సోలియం అనే బద్దెపురుగు. దాని తిత్తులున్న మాంసాన్ని, అంటే నానిన సగ్గుబియ్యం గింజల్లాంటి బుడిపెలున్న మాంసాన్ని, సరిగా ఉడక్కుండా తింటే మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు ఎక్కదు. మెదడులో తిత్తులు ఏర్పడేది ఆ పురుగు గుడ్లు మింగినప్పుడు. గుడ్లు ఎక్కడివి? పేగులో పురుగున్న మనిషి మలంలోవి. అవి నీళ్ల ద్వారా, కడగని ఆకుకూర ద్వారా, శుభ్రం లేని చేతుల ద్వారా నోట్లోకి వెళతాయి. అనగా పంది ముక్క ఎన్నడూ ముట్టని శాకాహారికి కూడా ఈ జబ్బు రావచ్చు, వస్తోంది కూడా. పందికి తిత్తులు వచ్చేదీ మనిషి మలం తినడం వల్లే. కాబట్టి ఈ జబ్బుకు అసలు మందు మరుగుదొడ్డి, చేతుల శుభ్రం. తరువాతే వంట.

వంటలో ఎంత వేడి చాలు? అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది ముక్కకు లోపల 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం చాలంది. కైమాకు 71. ఆ 63 లెక్క తనిఖీ కట్టుదిట్టంగా ఉన్న చోటిది. మన సంతల్లో కొన్నదానికి కైమా లెక్కే పెట్టుకోవడం మేలు. గంటసేపు తెర్లిన కూర ఎలాగూ ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. ప్రమాదం ఉన్నది బొగ్గుల మీద పైన మాడి లోపల పచ్చిగా మిగిలిన ముక్కలో.

స్వైన్ ఫ్లూ మాట కూడా తేల్చాలి. 2009లోనూ, 2015 ఆరంభంలో తెలంగాణలో ఆ జ్వరం ముదిరినప్పుడూ పంది మాంసం పేరెత్తితే జనం జడుసుకున్నారు. అది మనిషి నుంచి మనిషికి దగ్గు, తుమ్ముల ద్వారా పాకిన జ్వరం. ఉడికిన మాంసం ద్వారా రాదు. 2020లో అస్సాంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇంకొకటి. అది పందుల్ని తుడిచిపెట్టే జబ్బు. రైతుకు గొడ్డలిపెట్టే గానీ మనిషికి సోకదు.

పులుపు. విరుగుళ్లలో పెద్దది. ముందు ఒక అపోహ తీసేద్దాం. పులుపు కొవ్వును కరిగిస్తుందంటారు. కరిగించదు. నోట్లో లాలాజలం ఊరేలా చేసి జిడ్డు తెలియకుండా చేస్తుంది, అంతే. రెండో పని నిల్వ. పులుపులో సూక్ష్మజీవులు తేలికగా పెరగవు.

గోవా విందాలూ ఈ రెండో పని కోసం పుట్టింది. 1510లో గోవా పట్టిన పోర్చుగీసులు మాంసాన్ని ద్రాక్షసారాలో వెల్లుల్లితో ఊరబెట్టే అలవాటు తెచ్చారు. విందాలూ పేరు ఆ రెంటి నుంచే, సారా, వెల్లుల్లి. చివర ‘ఆలూ’ వినిపిస్తోందని హోటళ్లలో బంగాళాదుంప వేస్తారు. దానికీ దీనికీ సంబంధం లేదు. గోవాలో సారా బదులు కొబ్బరి కల్లు సిర్కా వచ్చింది, పోర్చుగీసులే తెచ్చిన మిరప చేరింది. అసలు విందాలూ వండిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది. వండీ వండగానే తిని ‘సిర్కా ఘాటు’ అనడం తొందరపాటు.

కొడగు వాళ్ల కూర పేరు ‘పంది కర్రి’. మన మాటే. ఇక్కడి పులుపు కాచంపులి. ఒక అడవి కాయ రసాన్ని నల్లగా, చిక్కగా అయ్యేదాకా కాచిన ద్రవం అది. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, ఆవాలు దాదాపు నల్లబడేలా వేయించి పొడి చేస్తారు. కూర నల్లగా ఉండటం మాడినందువల్ల కాదు, ఈ రెంటివల్ల. కడంబుట్టు అనే బియ్యపు నూక ఉండలు పక్కన పెడతారు. కాచంపులి దొరకని చోట చింతపండు వాడమంటారు. కూర తినడానికి బాగానే ఉంటుంది, కానీ దాన్ని పంది కర్రి అనడానికి నాకు మనసొప్పదు.

ఫిలిప్పీన్స్ ‘అడోబో’లో సిర్కా, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు, సోయా సాస్. పేరు స్పెయిన్ వాళ్లు పెట్టింది. పద్ధతి వాళ్లు రాకముందే ఆ దీవుల్లో ఉన్నది. మెక్సికోలోనూ అడోబో ఉంది. అది ఎండుమిరప ముద్ద. పేరు చూసి ఒక దాని వంటవిధానంతో ఇంకోటి చేస్తే రెండూ చెడతాయి.

మన ప్రాంతంలో ఈ పనికి పుంటికూర, అంటే గోంగూర ఉంది, కాలానికి చింతచిగురు ఉంది. డొక్క ముక్కల్ని పైన చెప్పినట్టు కొవ్వు దింపి ఉడికించి, ఆఖరి పది నిమిషాల్లో పుంటికూర వేస్తే ఇతర దేశాల సిర్కాకు ఏమాత్రం తీసిపోదు. పుల్లటి కూరలు అల్యూమినియం గిన్నెలో వండకూడదు. పులుపు లోహాన్ని తింటుంది. స్టీలుదో, మట్టిదో వాడాలి.

పొగ. మిజోరం ‘వోక్సా రెప్’, నాగా ఇళ్లలో పొయ్యి మీద వేలాడదీసే పంది ముక్కలు ఈ కోవవి. పొగలోని ఫినాల్ పదార్థాలు కొవ్వు కంపెక్కకుండా ఆపుతాయి, వేడి తేమను లాగేస్తుంది. పొగబెట్టిందంటే ఉడికిందని కాదు. వండేముందు వేణ్నీళ్లలో కడిగి, మళ్లీ బాగా ఉడికించాలి. వోక్సా రెప్‌ను మిజోలు ఆకుకూరతో, పెద్ద మసాలా లేకుండా వండుతారు. అక్కడ పొగే మసాలా. దాన్ని గరం మసాలాతో కప్పేస్తే పొగబెట్టిన శ్రమంతా వృథా.

పులియబెట్టినది. నాగాల్లో సుమీ వాళ్ల అఖూనీ అంటే ఉడికించిన సోయా గింజల్ని ఆకుల్లో చుట్టి పులియబెట్టిన ముద్ద. జపాన్ వాళ్ల నాటో, నేపాల్ వాళ్ల కినెమా దీనికి దగ్గరివి. పని చేసే సూక్ష్మజీవి ఒకే జాతిది, బాసిల్లస్. పొగబెట్టిన పంది, అఖూనీ, టమాటా, రాజా మిర్చి కలిస్తే అఖూనీ పంది కూర. వాసన ఘాటైనది, నిజమే. ఢిల్లీలో ఈశాన్య యువత ఈ కూర వండబోయి ఇరుగుపొరుగుతో పడిన అవస్థ మీద 2019లో ‘అఖూనీ’ పేరుతోనే సినిమా వచ్చింది. అద్దె గదిలో ఉండేవాడికి ఆ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

వెదురు కొమ్ములు కూడా ఈ గుంపువే. పచ్చి కొమ్ముల్లో సయనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. కోసి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పోతుంది. ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదు.

ఘాటు. ఆవనూనె, ఆవాకు. తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చిన పనివాళ్ల కూరలో జిడ్డును కోసేది ఇదే. అస్సాంలో లాయి శాక్ అనే ఆవాకుతో పంది ముక్క ఉడికిస్తారు. మన ఆవపెట్టిన కూరల ఘాటు తెలిసినవాడికి ఇది పరాయిగా అనిపించదు.

నువ్వులు. ఖాసీల ‘దోనెయ్యోంగ్’ అంటే నల్ల నువ్వుల ముద్దలో ఉడికిన పంది. నువ్వు నూనెగింజ కదా, కొవ్వు మీద కొవ్వేమిటని అడగవచ్చు. వేయించిన నల్ల నువ్వుల్లో ఉండే చిరుచేదు ఇక్కడ విరుగుడు. నువ్వుల పొడి కొట్టుకునే తెలంగాణ ఇంట్లో ఈ కూరకు కావలసినవన్నీ ఇప్పటికే ఉన్నాయి.

తీపి. చైనా ‘హొంగ్‌షావ్‌రౌ’లో డొక్క ముక్కలు పంచదార, సోయా సాస్, బియ్యపు సారాతో మగ్గుతాయి. పదకొండో శతాబ్దపు కవి సూ దొంగ్‌పో పేరున దొంగ్‌పో పంది అని ఒక రూపం ఉంది. జిడ్డు దిగేది మసాలాతో కాదు, గంటల నిదానంతో.

వేపుడు. జపాన్ ‘తొన్‌కాత్సు’ 1899లో టోక్యోలోని రెంగాతే అనే హోటల్లో పుట్టిన కట్లెట్ నుంచి వచ్చింది. రొట్టె పొడి అద్ది నూనెలో వేయించిన వీపు మెత్త. పక్కన సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ పెడతారు. అది అలంకారం కాదు. జిడ్డుకు విరుగుడు అదే.

ఉప్పు. బేకన్ డొక్కది, హామ్ వెనక తొడది. రెండూ ఉప్పులో ఊరినవే. ప్యాకెట్లో గులాబీ రంగు చూసి పచ్చిదనీ, ఎర్రగా ఉంటే ఉడికిందనీ అనుకోరాదు. ఆ రంగు సోడియం నైట్రైట్‌ది. బొటులినం విషం పుట్టకుండా దాన్ని కొద్ది మోతాదులో కలుపుతారు. పూర్వం ఈ పనికి సురేకారం వాడేవారు. ఇంట్లో కంటి అంచనాతో కలపడం ప్రమాదం. ఇలా నిల్వ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనే ఉంది. అయితే ఆ వర్గం చెప్పేది రుజువు ఎంత గట్టిదన్నది. రెండూ సమానంగా హాని చేస్తాయని దానర్థం కాదు. తాజా ఎర్ర మాంసం దాని తరువాతి వర్గంలో ఉంది.

గిన్నె. ఇస్నాపూర్, ముత్తంగి వైపు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. అందులో తినేవాడుంటాడు, తిననివాడుంటాడు. ముస్లిం మిత్రుడికి ఇది హరాం, అంటే మతరీత్యా నిషిద్ధం. కడిగి ఇచ్చినా ఆ గిన్నె వాడటానికి అతనికి మనసొప్పకపోవచ్చు. మాంసం తినే హిందువుల్లోనూ దీన్ని ముట్టనివాళ్లు ఎందరో. పంది వండేవాడు గిన్నె, గరిటె, కత్తి, పీట విడిగా పెట్టుకోవాలి. దింపిన కొవ్వును చెప్పకుండా పప్పు తాలింపులో వాడటం నమ్మకద్రోహం. అలాగే విడి గిన్నెలో, కిటికీ తెరిచి, ఒకరి జోలికి పోకుండా వండుకునేవాణ్ని గది ఖాళీ చేయమనడమూ అన్యాయమే. ఊరు విడిచి వచ్చినవాడికి వారానికొక పూట అమ్మ చేతి కూర రుచి దక్కాలి.

మరుసటి పూట. మిగిలిన కూరను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లటి పొర కడుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, గడ్డకట్టిన కొవ్వు. వద్దనుకుంటే గరిటెతో తీసి వేరే సీసాలో పెట్టుకోండి, బంగాళాదుంపల వేపుడుకు పనికొస్తుంది. కింద జెల్లీలా వణికేది జెలటిన్. దాన్ని పారేయొద్దు, వేడి చేస్తే పులుసవుతుంది. కూరను పొగలు కక్కేదాకా వేడిచేసి, సంగారెడ్డి వైపు జొన్నరొట్టెతో తినండి. రొట్టెలో చిక్కదనం ఉంది, ఉప్పూ నూనే లేవు. కాబట్టి మిగిలిన జిడ్డంతా అది పీల్చుకుంటుంది.